ఆకుది, రాతిది

డాయెంగ్ రన్నుకు చదువు రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆమె గురించి మాట్లాడే ప్రతివాడూ చివరికి ఆ మాటే అడ్డం పెట్టుకుని తప్పించుకుంటాడు.

మా దీవిలో ఆమె పని సముద్రపు గింజలు ఏరడం. గింజలని మేమంటాం గానీ అవి ప్రాణులు. నువ్వుగింజంత గుండ్రటి బిళ్ళ. లోపల ఒకే ఒక్క కణం, దాని చుట్టూ అది కట్టుకున్న సున్నపు గుల్ల. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఆమె మోకాళ్ళ లోతున నడిచి, సముద్రపు గడ్డి ఆకులనూ పగడపు రాళ్ళనూ వేర్వేరు బకెట్లలో తెచ్చేది. పళ్ళు తోముకునే బ్రష్‌తో వాటిని మెల్లగా రుద్ది, రాలినవాటిని కిటికీ వెలుగులో సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని, మూడే వెంట్రుకలు మిగిల్చిన కుంచెతో ఒక్కొక్కటే ఏరేది. బతికున్నవి గోధుమ రంగులో ఉంటాయి. చచ్చినవి తెల్లటి గుల్లలు, వాటిలో చదవడానికి ఏమీ మిగలదు.

చదివేది పాక్ హెర్లంబాంగ్. పాక్ అంటే అయ్యగారు, డాయెంగ్ అన్నది మా దగ్గర మర్యాదగా పిలిచే మాట. జావా నుంచి వచ్చి మా దీవి మీద పరిశోధన కేంద్రం నడుపుతున్నాడు. గింజలను నూరి, వాటి జన్యువులను బట్టి ఏది ఏ జాతో తేల్చడం ఆయన పని. స్పిరిట్ పోసిన చిన్న గొట్టాలు పడవలో మకాస్సర్ పట్నం వెళ్తాయి, యంత్రం అక్కడుంది. నేను ఆ కేంద్రంలో గాజు సామాను కడుగుతాను. కాబట్టి ఇదంతా నా కళ్ళతో చూసిందే.

డాయెంగ్ రన్ను ఎప్పుడూ రెండు గిన్నెలు పెట్టేది.

"ఇవి ఆకువి పాక్, ఇవి రాతివి. ఆకుదాని అంచు పలచన, ఒకటే వరస చిల్లులు. రాతిదానికి అంచు మందం. రెండూ వేరు."

"రెండూ ఒకటే డాయెంగ్. ఒకటి పిల్ల, ఒకటి ముసలిది. మీ అమ్మమ్మకి ముడతలు పడ్డాయని ఆవిడ వేరే జాతి అయిపోయిందా?"

తన జోకుకు తానే నవ్వుకుని, ఒక గిన్నెను రెండో గిన్నెలోకి వంపేశాడు. ఇరవై రోజుల పని. ఆమె చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయింది. గొట్టానికి పదేసి చొప్పున కలిపి నూరించాడు.

రెండు నెలలకు ఫలితాలొచ్చాయి. ప్రతి గొట్టంలోనూ రెండు రకాల జన్యువులు కలగాపులగం. ఆయన పై ఆఫీసుకు నివేదిక రాశాడు: "స్థానిక కూలీ డాయెంగ్ రన్ను నిర్లక్ష్యం వల్ల నమూనాలు పాడయ్యాయి." ఆమె పేరు కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. పనిలోకి రావద్దన్నాడు.

దీవంటే ఎంతని? సాయంత్రానికల్లా బావి దగ్గర మొదలెట్టారు.

"ఏం రన్నూ, చేపల పులుసు తిని చెయ్యి కడుక్కోకుండా గింజలు పట్టావటగా?"

"కడిగింది లేవే, ఆ పులుసులోనే కడిగింది!"

ఆమె బిందె ఎత్తుకుని వచ్చేసింది. నాకైతే ఆ బిందె వాళ్ళ నెత్తిన బోర్లించాలనిపించింది.

ఆమెను మానిపించాక కేంద్రానికొచ్చే విద్యార్థులు ఏరి పంపినవన్నీ చచ్చిన గుల్లలే. ఆ సంగతి నేనే ఆమెకు చెప్పాను. మర్నాడే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నూరడం ఆపండి పాక్. ఒక్కోదాన్ని ఒక్కో గొట్టంలో వేద్దాం. ఇరవై ఏరి ఇస్తాను. ఏది ఆకుదో, ఏది రాతిదో నేను చెప్పను. మీ మిషన్‌నే చెప్పమనండి."

"మీరు నాకు పరీక్ష పెడతారా?"

"మీకు కాదు. నాకు."

గత్యంతరం లేక ఒప్పుకున్నాడు. ఆమె ఇరవై ఏరింది. ఆమె చెబుతుంటే నేను నంబర్ల పక్కన జాబితా రాశాను. పద్నాలుగో దాని దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. "రాతి మీదే దొరికింది. కానీ ఇది ఆకుది, కెరటం విసిరేసినట్టుంది. అట్లాగే రాయమ్మాయ్," అంది. కాగితం మడిచి రవికలో దోపుకుంది.

ఈసారి నెలన్నర పట్టింది. ఆయన ఫలితాలు ముందు పెట్టుకున్నాడు, ఆమె నాచేత జాబితా చదివించింది. ఇరవైకి ఇరవై కలిశాయి. పద్నాలుగోది కూడా. యంత్రం రెండు జాతులని చెప్పింది, ఆమె చెప్పినట్టే.

"అద్భుతం డాయెంగ్! కొత్త జాతి కావచ్చు తెలుసా? రేపట్నించి పనిలోకి వచ్చెయ్యండి."

"నివేదికలో నా పేరు కొట్టేయించండి."

"అది పాత సంగతి కదా..."

"రాయండి. నేనిక్కడే ఉంటాను."

విసుక్కుంటూ ల్యాప్‌టాప్‌లో ఒక ఉత్తరం కొట్టాడు. ఆమె నావైపు చూసింది. నేను చదివాను: "నమూనాల విషయంలో పొరపాటు జరిగింది."

"జరిగిందా?" ఆమె గొంతు ఎప్పుడూ అంత లేవలేదు. "నా తప్పయితే నా పేరు పెట్టి రాశారు. మీదైతే దానంతటదే జరిగిందా? ఆ గిన్నె దానంతటదే వంగిందా పాక్?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇట్లా ఎవరూ రాయరు డాయెంగ్. ఉద్యోగం అన్నాక..."

"నాది ఉద్యోగం కాదా?"

కొట్టేసి మళ్ళీ రాశాడు: "రెండు జాతులనూ డాయెంగ్ రన్ను విడివిడిగా ఇచ్చింది. నేను కలిపాను. తప్పు నాది. హెర్లంబాంగ్." నాచేత రెండుసార్లు చదివించింది.

"పంపండి."

"జనరేటర్ ఆరింటికి గానీ వెయ్యరు. అప్పటిదాకా నెట్ రాదు. మీరు వెళ్ళండి, నేను పంపిస్తాగా."

అప్పుడింకా మూడు దాటలేదు. డాయెంగ్ రన్ను కుర్చీ లాక్కుని, ఆయనకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. టీ ఇస్తే ముట్టుకోలేదు. ఆయన రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ ఆమె చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాడు. ఆరింటికి బల్బు వెలిగింది.

"ఇప్పుడు," అంది.