ఓరం ఎక్కడుంది సార్?

ఈ రోజు పొద్దున పీలమేడులో మిల్లు సైరను మోగకముందే మా రాజమ్మక్క కాలు విరిగింది. ఆమె, నేను ఒకే షిఫ్టులో నూలు వడుకుతాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మేము నడిచే, సైకిళ్లు తొక్కే మట్టిబాటను కూడా అందులో కలిపేసుకున్నారు. ఇప్పుడు తారు దాటితే మురుగుకాలువే. వెనక బస్సు హారన్ కొడితే తప్పుకోబోయి అక్క అందులో పడింది.

ఆమెను ఆసుపత్రికి పంపాక రోడ్ల ఆఫీసరు జీపులో వచ్చాడు.

"ఓరమా, రోడ్డు అంచునే నడవాల్సింది గదమ్మా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆ ఓరం యాడుండాదో మీరే దిగి నడిచి చూపండి సార్!" అన్నాను.

అందరూ చూస్తున్నారని దిగాడు. పది అడుగులు వేశాడో లేదో, ఒక లారీ అతన్ని రాసుకుంటూ పోయింది. అంతే, చెయ్యెత్తి జీపును పిలుచుకొని ఎక్కి వెళ్లిపోయాడు.

నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మూడడుగుల బాట వదిలితే బడిపిల్లలు, ముసలివాళ్లు, బుట్టలు మోసేవాళ్లు అందరూ భయం లేకుండా పోతారు. దానికి కూడా చోటు లేదట. రేపు పొద్దున మళ్లీ మేము ఆ దారినే నడవాలి. లారీ మీదికొస్తే ఎవరిని పిలవాలో మీరైనా చెప్పండి.