రాజవ్వ మింగించిన గోలీలు

ఎర్ర సబ్బు వాసన తగిలితే చాలు, బీడీల చాట మీద నా చేతులు ఆగిపోతాయి. ఈ పొద్దున పక్కింటి కోడలు బట్టలు ఉతుకుతుంటే మళ్లీ అదే జరిగింది. ఒకప్పుడు ఈ కోరుట్లలోనే మా గోడ అవతలి నుంచి రోజూ ఈ వాసనే వచ్చేది. అది రాజవ్వ కాలు కడుక్కునే వేళ. ఆమెది బోదకాలు. వేళ్ల సందుల్లో సబ్బు రుద్ది, నీళ్లు పోసి, పాత నూలు గుడ్డతో ప్రతి సందూ తడి లేకుండా తుడిచేది. వాన పడ్డా, ఒళ్లు కాలుతున్నా ఆ పని తప్పేది కాదు.

ఆమె సిరిసిల్ల నేత ఇంటి బిడ్డ. మగ్గం ఆగిపోయాక భర్త మరమగ్గాల పనికి భివండీకి పోయాడు, అక్కడే చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు మల్లేశాన్ని తీసుకుని ఆమె కోరుట్లకు వచ్చి బీడీలు చుట్టింది. నా బడి చదువు మధ్యలో ఆగినా గ్రంథాలయం మాత్రం ఆగలేదు. నేను నేర్చిందంతా అక్కడి బల్లల మీదే. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కానీ చదివింది ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

“గంతగనం చదువుతవు, నా కాలు సంగతి ఏ బుక్కులనన్న రాసిండ్రా, బిడ్డా?” అని ఒకరోజు రాజవ్వ అడిగింది.

రాసి ఉంది. ఆమెకు మాత్రం చెప్పాను. దోమ కుట్టినప్పుడు సన్నటి పురుగులు ఒంట్లోకి చేరతాయి. వాటిని చంపాలని మన ఒళ్లు విషంలాంటి పదార్థాలను వదులుతుంది. ఆ పురుగుల దగ్గర ఎంజైములు అనేవి ఉంటాయి. అవి ఆ విషాన్ని పట్టి, విరిచి, హాని లేకుండా చేసేస్తాయి. అందుకే పెద్ద పురుగులు ఏళ్ల తరబడి బతుకుతాయి. సర్కారు ఏటా ఇంటింటికీ పంచే గోలీలతో ముఖ్యంగా చచ్చేది రక్తంలో తిరిగే వాటి పిల్లలే. కాబట్టి కాలు వాయనివాళ్లూ ఏటేటా మింగాలి.

ఆమె బీడీ ఆకు కత్తిరించే కత్తెర పక్కన పెట్టింది. “అంటె మనింట్ల తిని, మనం కొట్టిన దెబ్బను కడుక్కొని కూసుంటది. మంచిగుంది దాని సంసారం. నేను రోజూ కడుగుతున్న, అదీ కడుగుతున్నది. సూద్దాం ఎవలు ముందు అలిసిపోతరో.”

ఆ ఏడు గోలీలు పంచేవాళ్లు వచ్చేనాటికి మల్లేశం మస్కట్ వీసా కోసం ఎదురుచూస్తున్నాడు. మా వాడలో గల్ఫ్‌కు పోయే పిల్లలెవరూ ఆ గోలీలు మింగేవారు కాదు. చేతిలోకి తీసుకునేవారు, పంచేవాళ్లు గడప దాటగానే దూలం సందులో దోపేవారు. మింగితే జ్వరమొస్తుందని, జ్వరముంటే వీసాకు చేసే మెడికల్ పరీక్షలో ఫెయిలవుతామని వాళ్ల భయం.

“ఫెయిలైతె నువ్వు పంపుతవా అవ్వా మస్కట్‌కు?” అన్నాడు మల్లేశం.

రాజవ్వ చీర కొంచెం పైకి జరిపి కాలు పీట మీద పెట్టింది. “దీన్ని ఏ దేశం రానిస్తదో నువ్వే చెప్పురా. సుజాతా, నాకు చెప్పింది వీనికి చెప్పు. నీ కడుపుల దాసుకుంటె గా చదువు ఎవలికి పనికొస్తది?”

వాడంతా చూస్తుండగా నేను మొదటిసారి గొంతు విప్పాను. మల్లేశం మింగాడు. రాజవ్వ ఊరుకోలేదు. “నోరు తెరువు. నాలిక లేపు.”

తెల్లారి వాడికి జ్వరం వచ్చింది. జగిత్యాల ఏజెంటు మెడికల్‌కు రమ్మని ఫోన్ చేసింది కూడా ఆ రోజే. ఇరుగుపొరుగు ఆమెను తిట్టని తిట్టు లేదు. రక్తంలో పురుగులు చస్తుంటే వచ్చే జ్వరమిది, తగ్గిపోతుందని నేను చెబుతూనే ఉన్నాను, మధ్యమధ్య వాడి నుదురు పట్టి చూస్తూనే ఉన్నాను. రాజవ్వ ఫోన్ అందుకుని, “మావోడు ఇంకో బ్యాచ్‌ల వస్తడు సారూ. మెడికల్ మల్లొస్తది, కాలు మల్ల రాదు,” అని పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వెందుకు గింత భయపడుతున్నవు? నువ్వు చదివింది నిజమే గద?” అంది.

నిజమే. జ్వరం తగ్గింది. మల్లేశం ఆ తర్వాతి బ్యాచ్‌లో మస్కట్ వెళ్లాడు, తన రెండు కాళ్ల మీద. రాజవ్వ కాలు ఎన్నడూ సన్నబడలేదు. అయితే అంతకు మించి పెరగనూ లేదు. ఆమె పోయిన రోజు కూడా ఆ నూలు గుడ్డ తీగ మీద ఆరుతూనే ఉంది.

ఇప్పుడు గోలీలు పంచేవాళ్లు వస్తే మా వాడలో వాళ్ల ముందు నేనే నడుస్తాను. ఎంజైముల సంగతి గడప గడపకూ చెబుతాను. కొందరు నవ్వుతారు, కొందరు దూలం వైపు చూస్తారు. చేతిలో నీళ్ల చెంబుతో అక్కడే నిలబడి అంటాను: “నోరు తెరువు. నాలిక లేపు.”