ఇప్పపువ్వు పక్కన ఎండిన మడ మట్టి

జగ్దల్‌పూర్‌లో సముద్రం లేదు. ఈ సంగతిని పరిశోధన కమిటీలోని ఒక పెద్దాయన నాకు రెండుసార్లు గుర్తు చేశారు. "బస్తర్‌లో కూర్చుని సముద్రపు మట్టి మీద పరిశోధనా?" అని నవ్వారు కూడా. నాకు ఒళ్లు మండింది. మా ఎర్రమట్టిలో రైతు ఎంత ఎరువు వేసినా భాస్వరం మట్టికే అతుక్కుపోతుంది, వేరుకు అందదు. ఆ పట్టు విడిపించే బాక్టీరియా మడ అడవుల బురదలో ఉంటుందని నా నమ్మకం. పదిహేను రోజుల్లో ఒక్కటైనా చూపించకపోతే అంశం మార్చుకోమన్నారు.

కాకినాడ దగ్గర మోకాలిలోతు బురదలో దిగి మట్టి తీశాను. ఐస్ డబ్బాలో పెట్టుకుని, విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలెక్కాను. ఆ కంపు భరించలేక పక్కావిడ అరకు రాకముందే వేరే సీటు చూసుకుంది. తీరా ఊరు చేరితే కాలేజీ ఫ్రిజ్ రిపేరుకు వెళ్లింది. మర్నాడేమో కిరండూల్‌లో అక్క కొడుకు అన్నప్రాశన. సరుకు ఆరబోసి ఉందని ఇల్లు కదలని నాన్నకు డబ్బా అప్పగించి, "రెండు రోజులు ఇది పాడవకుండా చూడు నాన్నా" అని చెప్పి వెళ్లాను.

నాన్న ముప్పై ఏళ్లుగా ఇప్పపువ్వు, చింతపండు కొని అమ్ముతున్నాడు. కాలేజీలో ఎవరైనా అడిగితే మాత్రం "బిజినెస్" అని మాట తప్పించేదాన్ని.

తిరిగొచ్చి మిద్దె ఎక్కాను. ఆరబోసిన ఇప్పపువ్వు పక్కన, చాటలో, నల్లగా పెంకులు కట్టి ఎండిపోయిన నా మడ మట్టి!

"ఏంది నాన్నా ఇది?"

"ఐస్ కరిగి నీళ్లయింది బిడ్డా. గట్లనే ఉంచితే మురిగిపోదా? రెండెండలు చూపించిన. ఎంత మంచిగ ఆరిందో చూడు."

పాడవకుండా చూడమంటే ఎండబెట్టడమే ఆయనకు తెలిసిన జాగ్రత్త. అది అర్థం చేసుకునే ఓపిక నాకప్పుడు లేదు. "నీకు ఇప్పపువ్వు తప్ప లోకంలో ఇంకేం తెలుసు?" అని అరిచాను. ఆయన మట్టిని కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చాడు. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

మా గైడ్ మేడమ్ సంగతంతా విని, పెంకును గోటితో గీకి చూసింది. పారేసేముందు ఒకసారి పెంచి చూడమంది. ఏడుపు మొహంతోనే ఉప్పునీళ్లలో కలిపి, భాస్వరం కలిపిన తెల్లటి జెల్లీ మీద పూశాను. పాలలా చిక్కగా, అవతలిది కనపడకుండా ఉంటుంది ఆ జెల్లీ. బాక్టీరియా భాస్వరాన్ని కరిగిస్తే అక్కడ మాత్రం తేటపడుతుంది.

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పొద్దున్న ఒక ప్లేటులో, చిన్న చుక్క చుట్టూ, అద్దంలాంటి వలయం. ప్లేటు అడుగున నేను పెన్నుతో రాసిన ఏడో నంబరు అందులోంచి స్పష్టంగా కనిపించింది. కేక పెట్టాను. పక్క గదివాళ్లు ఏదో పగిలిందనుకుని పరుగెత్తుకొచ్చారు.

మైక్రోస్కోపులో చూస్తే చిన్న చిన్న కడ్డీలు, లోపల గట్టి తొడుగు వేసుకున్న గింజలు. బాసిల్లస్ జాతి. ఎండకు బలహీనమైనవన్నీ చచ్చిపోతే, ఇవి తొడుగులో నిద్రపోయి, నీళ్లు తగలగానే లేచాయి. మేడమ్ నవ్వుతూ హిందీలో అంది: ఎండకు చచ్చేది దొరికి ఏం లాభం, రైతుకు చేరాల్సింది సంచిలో పొడిగానే కదా అని.

సాయంత్రం నాన్నను ల్యాబుకు తీసుకెళ్లి ప్లేటు చూపించాను. "నువ్వు ఎండబెట్టబట్టే దొరికింది నాన్నా. ఆ రోజు అలా అనకూడదు. తప్పయింది."

ఆయన ప్లేటును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "సర్లే. మళ్ల తెస్తే చెప్పు, ఈసారి కొత్త చాట కొంట."

కమిటీ రోజున ఆ పెద్దాయనే మొదటి ప్రశ్న వేశారు, ఇది మీ మిద్దె మీది దుమ్ములోంచి రాలేదని నమ్మకమేంటని. దుమ్మును విడిగా పెంచి చూశామని, అందులో ఇది లేదని ప్లేట్లు ముందు పెట్టాను. ఆయన అద్దాలు సవరించుకుని ఏడో నంబరు ప్లేటును తిప్పి తిప్పి చూశారు. అంశం కొనసాగించమని సంతకం పెడుతూ అడిగారు.

"ముందే ఎండబెట్టి ఏరడం బాగుంది. ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మా నాన్న దగ్గర సార్," అన్నాను, గది చివరిదాకా వినపడేలా. "ఇప్పపువ్వు వ్యాపారం చేస్తాడు."