ఇవ్లిత ఎదురుచూసిన మంచు

ఇవ్లిత ఇటలీ నుంచి స్వానేతి కొండల్లోని తన ఊరికి తిరిగొచ్చేసరికి ఎండుగడ్డి ఇళ్ళకు చేరుతోంది. ఆ దేశంలోని బారీ పట్నంలో మంచాన పడ్డ ముసలమ్మలకు సేవ చేస్తూనే ఆమె నడివయసంతా గడిచిపోయింది. అక్కడ చలికాలమంటే వాన, చెమ్మగిల్లిన గోడలు, ఆరని బట్టలు. ఊళ్ళో మంచు పడిందని భర్త బిముర్జా ఫోనులో చెబితే చాలు, "మోకాలి దాకా వచ్చిందా? కంచె కనబడుతోందా?" అని గుచ్చి గుచ్చి అడిగేది. "పడిందిలే" అంటూ అతను మాట మార్చేసేవాడు.

ఈ ఏడు కొత్త సంవత్సరం దాటినా కొండలు బోడిగానే ఉన్నాయి. తాను లేని ఏళ్ళలో మంచు కూడా ఊరు విడిచి వెళ్ళిపోయిందేమోనని ఇవ్లితకు గుబులు పట్టుకుంది. పొద్దున్నే తలుపు తీసి ఆకాశం వంక చూస్తుంటే ఆడపడుచు నార్గిజా నవ్వేది.

"ఏం వదినా, పెళ్ళివారి కోసం చూసినట్టు చూస్తున్నావు? వచ్చాక ఎప్పుడు పోతుందా అని నువ్వే ఏడుస్తావు."

"ఏడిస్తే నువ్వే ఏడువు. నేనేడవను."

చివరికి ఒక మధ్యాహ్నం మంచు మొదలైంది. పొద్దుగూకేసరికి పశువుల కొట్టం గుమ్మం పూడిపోయింది. ఇవ్లిత చిన్నపిల్లలా వాకిట్లోకి పరుగెత్తి, గుప్పెడు మంచు తీసి నోట్లో వేసుకుంది. పళ్ళు జివ్వుమన్నాయి. "రావయ్యా, చూడు!" అని మొగుణ్ణి పిలిచింది.

అతను రాలేదు. కిటికీ దగ్గర నిలబడి ఇంటి దూలాల వైపు చూస్తున్నాడు. ఆమె వేడివేడిగా చేసిన మాంసం రొట్టె సగం తిని పక్కకు నెట్టేశాడు. కప్పుమీది మంచు బరువుకు దూలం కిర్రుమంది.

"పొద్దున కప్పెక్కి తోసేస్తాలే" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

ఇవ్లితకు అది వింతగా తోచింది. ఒకప్పుడు ఊరందరికంటే ముందు కప్పెక్కి, పొరుగువాళ్ళను కేకలేసి లేపిన మనిషి.

తెల్లవారాక కొయ్యపార భుజాన వేసుకుని నిచ్చెనెక్కాడు. నాలుగైదు మంచు పెళ్ళలు దబ్బున కింద పడ్డాయి. తర్వాత చప్పుడు లేదు. వాకిట్లో ఉన్న ఇవ్లిత వెనక్కి నడిచి పైకి చూసింది. బిముర్జా పొగగొట్టాన్ని రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. ఊపిరి తీసుకుంటున్నా."

"అయితే దిగు."

"దిగితే ఈ మంచు ఎవరు తోస్తారు, నీ ఇటలీ ముసలమ్మలా?"

మాట వేళాకోళమే గానీ గొంతు వణికింది.  ఆమె లంగా ఎగదోపుకుని, తాడు భుజాన వేసుకుని, జారుతున్న నిచ్చెన మెట్లమీద పాక్కుంటూ పైకెక్కింది. అతని మొహం సుద్దలా ఉంది.

"తల తిరుగుతోంది కదూ? ఎన్నాళ్ళ నుంచి?"

"నిరుటి ముందటేడు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మంచు గురించి అంత సంబరంగా అడుగుతుంటే ఏం చెప్పేది, ఇవ్లితా?"

 ఆమె అతని నడుముకు తాడు కట్టి, రెండో కొస పొగగొట్టానికి చుట్టి, ఒక్కో మెట్టూ దించింది. అతని కాళ్ళు నేలకు తగిలాక తనూ దిగింది. కప్పుమీద మంచు మాత్రం దాదాపు అంతా అలాగే ఉంది.

"పక్కింటి జోకియాను పిలుస్తా."

"వద్దు. ఊరంతా తెలిసిపోతుంది."

"తెలియనీ. దూలం విరిగి నెత్తిన పడ్డాక ఎలాగూ తెలుస్తుంది."

జోకియా ఇల్లు పక్కనే అయినా సందు నిండా మంచు. ఇవ్లిత తొడల లోతున ఈదుకుంటూ పోతుంటే కాలు మడతపడి, నడుము దాకా కూరుకుపోయింది. మెడలోంచి చల్లదనం వీపులోకి జారింది. ఎక్కడా చప్పుడు లేదు. వెనక దూలం ఎప్పుడు విరుగుతుందోనన్న భయం గుండెలో కొట్టుకుంటున్నా, లేవబుద్ధి కాలేదు. ఇంకాసేపు అలాగే ఉండిపోవాలనిపించింది. వెంటనే సిగ్గేసి, లేచి, "జోకియా! ఓ జోకియా!" అని అరిచింది.

జోకియా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నానికల్లా కప్పు ఖాళీ అయింది. బిముర్జా వాకిట్లో నిలబడి, "అటు కాదురా, గోడ వైపు తొయ్యి!" అని అరుస్తూనే ఉన్నాడు. వాళ్ళిద్దరూ ఒక్క మాటా ఎదురాడలేదు.

సాయంత్రం మళ్ళీ మంచు పట్టుకుంది. బిముర్జా పొయ్యి దగ్గర కూర్చుని, ఆమె వంక చూడకుండా అడిగాడు: "బాగుందా మరి, నీ మంచు?"

"బాగుంది" అంది ఇవ్లిత. అబద్ధం కాదు. కానీ ఆమె చెవి దూలం మీదే ఉంది.