ఎదురింట్లో ఉంచిన విత్తనం

ఇది రాయడానికి కూర్చున్నాక రెండుసార్లు లేచి తలుపు గడియ చూసి వచ్చాను. ఇంట్లో నేనొక్కణ్నే. అయినా చూశాను. యాభై ఏళ్లకు పైగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరిగినవాడికి గోడల మీద కూడా నమ్మకం ఉండదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని వెళ్లి, ఎండల గురించీ వానల గురించీ మాట్లాడి లేచి వచ్చేసిన రోజులు చాలా ఉన్నాయి.

ప్రోటీన్ల ఆకారం కనిపెట్టడం నా వృత్తి. ప్రోటీన్ ముందు పటికబెల్లం పలుకులా గట్టిపడాలి. ఆ పలుకునే స్ఫటికం అంటాం. దాని మీదికి ఎక్స్-రే పంపితే ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ఏ చుక్క ఎంత నల్లగా ఉందో చూసి, లోపల ఏ అణువు ఎక్కడుందో లెక్క కడతాం. మొదట్లో ఆ లెక్కలు చేత్తో చేశాను, తర్వాత కంప్యూటర్ల మీద చేశాను. పేరొచ్చింది. శాలువాలు కప్పారు. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడిగేవారు, ఆ మొదటి ఉలవ స్ఫటికం ఎలా పెంచారండీ అని. ‘ఓపికతో’ అనేవాణ్ని. చప్పట్లు కొట్టేవారు.

దాన్ని నేను పెంచలేదు.

అరవైల చివరి మాట. విజయనగరంలో ఒక కళాశాల, పెంకుల కప్పు కింద చిన్న ప్రయోగశాల. మాస్టారు, ఆయన దగ్గర పరిశోధన చేసే మేమిద్దరం: నేను, అప్పలనాయుడు. ఉలవల్లోంచి తీసిన ప్రోటీన్‌ను స్ఫటికం చేయడం మా పని. ఎక్స్-రే యంత్రం మద్రాసులో ఉండేది. ముందు ఎవరి గాజు గొట్టంలో స్ఫటికం వస్తే వాణ్నే మద్రాసు తీసుకెళ్తానన్నారు మాస్టారు. రెండోవాడు వేరే విషయం వెతుక్కోవాలి. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరన్నమాట.

మాది కిరాణా కొట్టు. తూకం వేసేటప్పుడు ముల్లుతో పాటు అవతలివాడి చెయ్యి కూడా చూడరా అనేవాడు మా నాన్న. ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టింది. అప్పలనాయుడు నవ్వితే నన్ను చూసే అనుకునేవాణ్ని. నవ్వకపోతే ఏదో దాస్తున్నాడనుకునేవాణ్ని. వాడిది నెల్లిమర్ల అవతల పల్లె, వరీ చోళ్లూ పండించే ఇల్లు. కాళ్ల మట్టి అలాగే ఉండగా వచ్చి, చేతులు మాత్రం మోచేతుల దాకా కడుక్కునేవాడు. అంతలా కడుక్కోవాల్సిన పని ఏం చేసి వచ్చాడా అని కూడా అనుమానించాను. నవ్వకండి.

గొట్టాల్లో ఏమీ వచ్చేది కాదు. పగలు పెంకులు కాలిపోయేవి, తెల్లారేసరికి చల్లబడేవి. ఆ మార్పుకి ప్రోటీన్ విరిగిన పాలలా అయిపోయేది. వాడు మాత్రం శనివారం శనివారం కొన్ని గొట్టాలు గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని ఊరి బస్సెక్కేవాడు. సోమవారం ఖాళీ సంచితో వచ్చేవాడు. అప్పుడు శ్రీకాకుళం కొండల్లో నక్సలైట్ల గొడవలు. బస్సులు ఆపి సంచులు విప్పించేవారు. టీ కొట్లో కొత్త మొహం కనిపిస్తే పోలీసుల మనిషేమోనని బెంచీ ఖాళీ అయ్యేది.

ఒక సోమవారం మాస్టారి గదికి వెళ్లాను. అప్పలనాయుడు గొట్టాలు బయటికి తీసుకెళ్తున్నాడండీ, ఎక్కడికో తెలియడం లేదు అన్నాను. మా బీరువాలో పాదరసం కలిసిన విషపు లవణం ఒకటి ఉండేది. అది కూడా తగ్గినట్టు అనిపిస్తోందన్నాను. అది తగ్గలేదు. నాకు అనిపించనూ లేదు. మాస్టారు భయస్తులు. వెంటనే ప్రిన్సిపాల్‌కి చెప్పారు. నిప్పు లేందే పొగ రాదని ఆయన పోలీసులకు కబురు పెట్టాడట.

బుధవారం ఇద్దరు పోలీసులు వాడి ఊరు వెళ్లారు. గొట్టాలు ధాన్యం గాదెలో ఉన్నాయని వాళ్లమ్మే చెప్పింది, దాచాల్సిన సంగతని ఆమెకు తెలియదు. కర్రలు పెట్టి గాదె పొడిచారు. గొట్టాలు పగిలాయి. వాటిలో ఉన్నది ఉలవల సారం, ఉప్పునీళ్లు. కానీ విషం మాట అప్పటికే నేను పుట్టించాను కదా, ఆ ధాన్యం తినొద్దని చెప్పి పోయారు. ఆ ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అది. కేసు పెట్టలేదు. కళాశాల గేటు మాత్రం అప్పలనాయుడికి మళ్లీ తెరుచుకోలేదు.

పాపం, కాలం అలాంటిది, అనుమానపడ్డాడు అని మీరు ఈపాటికి అనుకుంటూ ఉండాలి. అలా అనుకోవాలనే ఇంతవరకూ రాశాను. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కథ కూడా ఇదే. అనుమానం ఒక రోగం, రోగికి శిక్షేమిటి అని. కానీ ఎక్కడికో తెలియడం లేదని మాస్టారితో అన్నానే, నాకు తెలుసు. రెండు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, వాడే చెప్పాడు.

వాడు సంచి సర్దుకుంటుంటే నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“ఏటి సావుకారీ, దొంగని సూసినట్టు సూస్తన్నావు?” అన్నాడు.

“వారం వారం ఏటట్టుకెల్తన్నావు? ఎక్కడికి?”

“మా ఇంటికాడ గాదిలో పెడతన్నాను. ఎండిన దాన్యం లోపల పగలూ నేదు, రాత్తిరీ నేదు. ఒకటే సల్లన. ఇత్తనమే ఏడాది పడుకుంటాది, ఇది పడుకోదేటి? సూడు.”

మైక్రోస్కోపు కింద చూద్దామని ఆ వారం రెండు గొట్టాలు వెనక్కి తెచ్చాడట. గుడ్డ విప్పాడు. గొట్టం అడుగున ఆవగింజలో సగం ఉండే పలుకులు, అంచులు తీరి, మెరుస్తూ. నాకు అసూయ పుట్టింది. దానికి వేరే పేరు పెట్టను.

“మాస్టారికి సెప్పీసినావా?”

“నేదు. ఇంకో వారం ఎదగనీ.” ఒక గొట్టం తీసి నా చేతిలో పెట్టాడు. “ఇది నీకాడుంచు.”

“నాకెందుకు?”

“ఇత్తనం ఒకే ఇంట్లో ఉంచుతారేటి? మా ఊర్లో ఎవులూ ఉంచరు. సగం ఎదురింట్లో పెడతాం. మనది పాడైపోతే ఎదురింటోలు ఇస్తారు. అడగనక్కర్నేదు. ఉన్నోడే అట్టుకెల్లి ఇయ్యాల.”

ఇదీ జరిగింది. సోమవారం నేను మాస్టారి గదికి వెళ్లేటప్పుడు ఆ గొట్టం మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది. గురువారం దాన్ని మాస్టారి బల్ల మీద పెట్టి, నాదే అన్నాను. ఆయన చాలాసేపు గొట్టం వైపు చూడలేదు, నా వైపే చూశారు. ఆయనకు తెలుసా? తెలిసీ ఊరుకున్నారా? ఆయన పోయేదాకా నాకు ఈ అనుమానం తీరలేదు.

నెలాఖరుకి మద్రాసు బండెక్కాం. విజయనగరం ప్లాట్‌ఫారం చివర అప్పలనాయుడు కనిపించాడు. నా కోసమే వచ్చాడా? వేరే పని మీద వచ్చాడా? గొట్టం లాక్కుంటాడేమోనని అటువైపు కిటికీకి మారి, బండి కదిలేదాకా తల ఎత్తలేదు. అదే ఆఖరు చూపు.

స్ఫటికం ముక్కను కొత్త ద్రావణంలో వేస్తే దాన్ని పట్టుకుని కొత్తవి పుడతాయి. వాటి ముక్క ఇంకో గొట్టంలో, దాని ముక్క మరో గొట్టంలో. నా చదువు, ఉద్యోగం, పేరు, అన్నీ ఆ వరసలో మొలిచినవే. వాడు జనపనార మిల్లులో కొన్నాళ్లు పనిచేసి, మళ్లీ వ్యవసాయంలోకి దిగాడని విన్నాను. బతికున్నాడో లేదో కనుక్కోలేదు. కనుక్కుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. విజయనగరం నుంచి ఎచ్చెర్ల యూనివర్సిటీకి వెళ్లాల్సి వస్తే నెల్లిమర్ల దారి వద్దని, భోగాపురం మీదుగా పోనిమ్మంటాను. దగ్గర దారి వద్దంటున్నాడేమిటని డ్రైవరు అద్దంలోంచి చూస్తాడు.

వాడు ఎప్పుడూ వచ్చి అడగలేదు. అడగనక్కర్లేదని ఆ శనివారమే చెప్పాడు. ఆ వరస స్ఫటికాలున్న గొట్టం ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. పట్టుకెళ్లి ఇస్తానని రాయను. రాస్తే మీరు నమ్ముతారేమో గానీ నేను నమ్మను. రాయగలిగింది ఇంతే: ఉలవ స్ఫటికం అప్పలనాయుడిది, గాదెలో ఏముందో నాకు ముందే తెలుసు. ఈ సంగతి ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉంది. ఇప్పుడు మీ ఇంట్లో కూడా ఉంది.