తక్షణ కారణం: బోరు నీళ్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో విప్లవం తెచ్చింది నేనేనని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. ఉద్యోగ పరీక్షల కోచింగ్‌లో యూరప్ చరిత్ర చెప్పేవాణ్ణి. ఫ్రాన్స్ రాజు తల తెగే ఘట్టం నా నోట వింటూ రెండు వందల మంది లేచి నిలబడేవాళ్లని కూడా చెప్పాను. అబద్ధం. క్లాసులో ఉండేది నలభై మంది. లేచేది బస్సుకు టైమైనవాళ్లు.

కింది అంతస్తులో ఆడపిల్లల హాస్టల్. దానికీ కోచింగ్‌కీ ఓనరు ఒకడే. ఆ ఎండాకాలం బోరు నీళ్లు మురుగు కంపు కొట్టాయి. పిల్లలకు వరసగా కామెర్లు. వాళ్లను దవాఖానకు తీసుకెళ్లి తెచ్చేది ఒకామె. నల్గొండ వైపు పల్లెలో క్రైస్తవుల ఇంటి అమ్మాయి. నర్సు ఉద్యోగం మానుకుని మా కోచింగ్‌కి వచ్చి, ఆ హాస్టల్లోనే ఉండేది. వయసు పరిమితి దాటిపోతోంది, ఇదే ఆఖరి పరీక్ష. ఎవరు మొరపెట్టుకున్నా ఓనరు వినలేదు. "రొట్టె ధర సగం కారణమే, వినని రాజు మిగతా సగం" అని పైన నేను పాఠం చెబుతూనే ఉన్నాను.

ఒక ఉదయం ఆఫీసు తలుపుకు కాగితం అంటించి ఉంది. పేర్లు లేవు. అచ్చం నా నోట్సు పద్ధతి: దూరపు కారణాలు, తక్షణ కారణం, ఫలితాలు. ఫలితాల కింద ఒకటే వాక్యం. సోమవారంలోగా మంచినీళ్లు రాకపోతే ఎవరూ క్లాసుకు రారు.

ఓనరు గుంటూరు వైపు మనిషి. నన్ను పిలిచాడు. "మా హాస్టలు నీళ్లకి ఫ్రాన్సు దాకా పోవాలా మేష్టారూ? పేపర్లు దిద్దేది మీరేగా, ఈ రాత ఎవరిదో చెప్పండి."

నోరు జారిందని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. వచ్చే బ్యాచికి నన్ను ఉంచుతాడో లేదో ఆ వారమే తేలాలి. ఆ గుండ్రటి అక్షరాలు చూడగానే తెలిసింది. చెప్పాను.

మధ్యాహ్నానికి ఆమె పెట్టె, పుస్తకాలు రోడ్డు మీద ఉన్నాయి. సోమవారం మిగతా అందరూ క్లాసుకు వచ్చారు. రాజు పోయాక వచ్చిన చక్రవర్తి గురించి చెప్పాను. ఆ వారంలోనే ఫిల్టరు బిగించారు. ఆ నీళ్లు నేనూ తాగాను.

నిరుడు ఎల్బీనగర్‌లో రక్తపరీక్షకు వెళితే, సూది పట్టుకుని ఎదురుగా ఆమే.

"సార్! గుర్తువట్టలేదా? పిడికిలి గట్టిగ పట్టున్రి."

"పరీక్ష రాశావా అమ్మా?"

"ఏడ రాసుడు సార్. ఊరికి వోయిన, మా నాయిన మళ్ల పంపలే. గా కాగితం నాదని ఓనరుకెట్ల తెల్సిందో ఇప్పటికీ సమజ్ కాలే." సూది గుచ్చింది. "మీరేమన్న అడిగిన్రా సార్, నా గురించి?"

"అడగకుండా ఉంటానా? టేబులు గుద్ది మరీ గొడవపడ్డాను."

ఆమె కళ్లు తడిశాయి. "నాకెరుకే సార్. మీరొక్కలే అడిగుంటరని అప్పుడే అనుకున్న."

దూది అద్ది, మోచెయ్యి మడిచి పట్టుకోమంది. పట్టుకున్నాను. సాయంత్రం రిపోర్టుకు నేను వెళ్లలేదు, మా పక్కింటాయన్ని పంపాను.