మత్తు సూదీ, అత్తమ్మ చాయ్

నొప్పంటే నాకు మొదటి నుంచీ భయం. కాలికి ముల్లు గుచ్చుకున్నా వీధి చివరిదాకా వినిపించేలా అరిచే రకాన్ని. అలాంటిదాన్ని మొదటి కాన్పులో రెండు పగళ్ళు, ఒక రాత్రి నొప్పులు పడ్డాను.

ఆనవాయితీ ప్రకారం ఆ కాన్పు పుట్టింట్లో, న్యాల్‌కల్ దగ్గర మా ఊళ్ళో జరిగింది. చివరికి స్పృహ తప్పింది. కళ్ళు తెరిచి బాబు ఏడని అడిగితే, మా అమ్మ "పండుకున్నడు బిడ్డా" అంది. పొద్దుగూకేదాకా ఎన్నిసార్లు అడిగినా అదే మాట. మర్నాడు జహీరాబాద్ నుంచి బస్సులో వచ్చిన మా అత్తమ్మ నా పక్కన కూర్చుని, తల నిమిరి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వాడు పుట్టాక అసలు ఏడవనేలేదట. అమ్మను నేనేమీ అనలేదు. ఆమె మాత్రం ఏం చేస్తుంది? కానీ అప్పటి నుంచి ఎవరి ఇంట్లోనైనా పసిబిడ్డ పడుకుందని చెబితే నాకు నమ్మబుద్ధయ్యేది కాదు.

అందుకే రెండోసారి నెల తప్పినప్పుడు పుట్టింటికి పోనని మొండికేశాను. మా ఆయన జహీరాబాద్ తహసీలు కచేరీలో గుమస్తా. మేం ఉండే ఇంటికి దవాఖాన నాలుగు అడుగుల దూరం. అక్కడే కంటానన్నాను. ఇంకో మాట అత్తమ్మకు మాత్రమే చెప్పాను.

"అత్తమ్మా, ఈసారి బిడ్డ ఏడుపు నా చెవులతోని ఇనాలె. నన్ను మాత్రం నిద్రపోనియ్యకు."

"నేనున్న గదనే. ఫికర్ జెయ్యకు," అంది.

అత్తమ్మ మాటిచ్చిందంటే ఇక అంతే. ఆ సంగతి నేను కాస్త ముందే ఆలోచించుకోవలసింది.

ఆ రోజుల్లో మా దవాఖానకు కృష్ణా జిల్లా నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. నా ఈడు మనిషే. తెల్ల చీర కట్టుకుని, అందరినీ అండీ, గారూ అంటూ పిలిచేది. ఇంత మర్యాదగా మాట్లాడే మనిషి సూది గట్టిగా గుచ్చుతుందని మా అత్తమ్మ అనుమానం. నొప్పులు తగ్గించే సూది ఒకటి వచ్చిందని ఆ డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. అది వేస్తే నొప్పికీ నొప్పికీ మధ్య కునుకు పడుతుందట. భయంతో బిగుసుకున్న ఒళ్ళు సడలుతుందట. నాలాంటి భయస్తులకు కాన్పు కూడా తొందరగా అవుతుందట. నేను ధీరురాలిలా తల అడ్డంగా ఊపాను. "నాకు నిద్ర వద్దు డాక్టరమ్మా. ఎంత నొప్పైనా ఓర్చుకుంట," అన్నాను.

నా ధైర్యం ఎన్నాళ్ళు నిలిచిందంటే, నొప్పులు మొదలైన రోజు పొద్దున పది గంటల దాకా నిలిచింది. పదిన్నరకు డాక్టరమ్మ కొంగు పట్టుకుని వేలాడుతున్నాను. "సూది ఎయ్యి తల్లీ! నీ కాల్మొక్కుత, జల్ది ఎయ్యి!"

డాక్టరమ్మ నవ్వి, సూది వేసి, "ఇక హాయిగా పడుకోండి" అని పక్క వార్డుకు వెళ్ళింది.

నిజంగానే హాయి. మంచం మెల్లగా ఊగుతున్నట్టనిపించింది. నొప్పి పోలేదు గాని, పక్కింట్లో ఎవరో పోట్లాడుకుంటున్నట్టు దూరంగా జరిగింది. అంతలో నా చెంప మీద చల్లటి నీళ్ళు పడ్డాయి. చూస్తే అత్తమ్మ.

"లే పిల్లా! నిద్రపోతే ఏడుపు ఎట్ల ఇంటవ్? ఇగో, జర చాయ్ తాగు."

దవాఖాన ఎదురుగా, బొంబాయి రోడ్డు మీద లారీలు ఆగే హోటల్ ఉండేది. అక్కడి చాయ్ నల్లగా, చేదుగా, అల్లం ఘాటుతో ఉండేది. అది తాగితే బొంబాయి దాకా కన్ను మూతపడదని డ్రైవర్లు మెచ్చుకునేవాళ్ళు. అత్తమ్మ కేటిల్ నిండా ఆ చాయ్ తెప్పించింది. తెచ్చింది మా ఆయన. ఒక బల్ల మీద కాగితాన్ని ఇంకో బల్లకు కదిలించడానికి వారం తీసుకునే మనిషి, ఆ రోజు కేటిల్ పట్టుకుని రోడ్డు దాటి మూడుసార్లు పరుగెత్తాడు.

నేను కన్ను మూస్తే ముఖాన నీళ్ళు, తెరిస్తే నోట్లో చాయ్. "నన్ను పండుకోనియ్యి అత్తమ్మా" అని ఏడ్చాను. "నువ్వే గద వద్దన్నవ్," అంది. తిట్టాను. ఏమేం తిట్టానో ఇప్పుడు రాస్తే బాగుండదు. పెళ్ళయినప్పటి నుంచి దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. అత్తమ్మ అన్నీ విని, "ఆ, గట్లనే తిట్టు, నిద్ర రాదు," అని ఇంకో గుక్క పోసింది.

డాక్టరమ్మ వచ్చి చూసి ఆశ్చర్యపోయింది. "ఇంత మందుకు ఈపాటికి గాఢంగా పడుకోవాలే. మందులోనే ఏదో లోపం ఉందేమో. ఇంకొంచెం వెయ్యాలా?" అంటూ నా మీదికి వంగింది. సరిగ్గా అప్పుడు నా కడుపులోని చాయ్ అంతా ఆమె తెల్లచీర మీదికి వచ్చేసింది.

అల్లం వాసన గదంతా కమ్ముకుంది. డాక్టరమ్మ చీర చూసుకుంది. మంచం కింద కేటిల్ చూసింది. అత్తమ్మను చూసింది.

"నేను పడుకోబెడుతుంటే మీరు లేపుతున్నారా అండీ? తెలియక ఇంకో సూది వేసుంటే తల్లికీ బిడ్డకీ ఎంత ప్రమాదమో తెలుసా?"

అంత కోపంలోనూ అండీ వదల్లేదు. అత్తమ్మ ముఖం పాలిపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది.

"పోయినసారి పిల్లగాడు ఏడ్వలే డాక్టరమ్మా. ఈసారి ఏడుపు ఇంటనని నా చెయ్యి పట్టుకున్నది. మాటిచ్చిన."

డాక్టరమ్మ అత్తమ్మ భుజం మీద చెయ్యి వేసి, "ఆమె బదులు మీరు వినండి. ఈ తలుపు దగ్గరే కూర్చోండి," అంది. కేటిల్ మాత్రం బయటికి పంపించేసింది.

ఆ తర్వాత నాకు తెలిసింది తక్కువ. నిద్రపోయాను. ఎవరో గట్టిగా ముక్కమంటే ముక్కాను, మళ్ళీ నిద్రపోయాను. మూడు గంటలకల్లా అయిపోయిందట. రెండు పగళ్ళెక్కడ, ఒక్క పూటెక్కడ!

కళ్ళు తెరిచేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. అత్తమ్మ నా పక్కన పాత చీరముక్కలో చుట్టిన మూటను పట్టుకుని కూర్చుంది.

"ఆడపిల్ల," అంది. ముఖమంతా నవ్వు.

"ఏడ్సిందా?"

"ఏడ్సింది. మందు మత్తుకు మొదట జర ఊకున్నది. డాక్టరమ్మ కాళ్ళు పట్టి రెండు తట్టంగనే దవాఖాన లేసిపోయేటట్టు ఏడ్సింది. నేనిన్న."

"ఇప్పుడు?"

"పండుకున్నది బిడ్డా."

అచ్చం ఆనాడు అమ్మ అన్న మాటే. అత్తమ్మ నాతో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. మొదటి బిడ్డ సంగతి చెప్పే ధైర్యం చేసింది ఆమె ఒక్కతే. అయినా ఆ ఒక్క మాట నేను నమ్మలేకపోయాను. మూట వంక చూడ్డానికి కూడా చేతకాలేదు. గోడ వైపు ముఖం తిప్పుకున్నాను.

అత్తమ్మ నన్ను చూసింది. గుడ్డ విప్పి, పిల్ల కాలు ఒకటి బయటికి తీసి, అరికాలు మీద గట్టిగా ఒక్క గిల్లు గిల్లింది.

ఇక చూడాలి ఏడుపు! పిల్ల ఎర్రగా కందిపోయి, పిడికిళ్ళు బిగించి కేకలు పెట్టింది. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏమైంది? ఎవరు ఏం చేశారు?" అంది.

"నేనే గిల్లిన," అంది అత్తమ్మ, తల వంచుకోకుండా.

నేను పిల్లను గుండెకు హత్తుకుని, దానికంటే గట్టిగా ఏడుస్తున్నాను. అత్తమ్మ వంగి, ఎర్రబడిన ఆ చిన్న అరికాలును తన బుగ్గకు ఆనించుకుంది.

"ఇన్నవా బిడ్డా?" అంది. "ఇగ పండుకో."